పెండ్లి క్యాసెట్ చివరి అరగంట

సరుకును తక్కువ చేసి మాట్లాడటంలో చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా నన్ను మించినవాడు లేడు. కొనేటప్పుడు ఎదుటివాడి వస్తువులో లేని లోపం చూపించి, వాడిచేతనే అవును గదా అనిపించడం ఒక విద్య. మా బాపు దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చొని ఏడేళ్ళ వయసు నుంచే నేర్చుకున్నాను. ఉల్లిగడ్డ బస్తాను వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంటే చాలు, రైతు తనంతట తానే ధర తగ్గించేవాడు. ఆ విద్యలో నా అతి పెద్ద విజయం పోయిన ఎండాకాలం ఎంకపల్లిలో జరిగింది. ఒక పాత వీడియో క్యాసెట్‌ను ఎంత గొప్పగా తీసిపారేశానంటే, దాని సొంతదారు నా మాట అక్షరాలా నమ్మి, పాత పరుపులతో పాటు దాన్ని తగలబెట్టేశాడు. ఏ బేరగాడికైనా ఇంతకన్నా ఏం కావాలి?

ఆ క్యాసెట్ చివర మా అక్క ఉంది. అక్క కదిలే బొమ్మ, అక్క గొంతు, భూమ్మీద ఇంకెక్కడా లేవు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వ్యాన్ చేవెళ్ళకు వచ్చి మా కిరాణా దుకాణం ముందు ఆగింది. రేపటి రోజుల్లో మనుషులు ఎట్లా బతుకుతారో చూపించే కార్యక్రమం టీవీ కోసం తీస్తున్నారట. పట్నంలో కొంత తీశారట, పల్లెలో కొంత కావాలట. మా దుకాణం ముందు మిరపకాయల బస్తాలు, పైన వేలాడే చీపుర్లు, మధ్యలో తక్కెడ. ఇవేవీ ఇక ఉండవని చెప్పడానికి అంతకన్నా మంచి చోటు వాళ్ళకు దొరికి ఉండదు.

సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి బస్తాల మధ్య నిలబడి కెమెరాతో మాట్లాడాడు. ముందు ముందు సరుకుల కోసం ఎవరూ దుకాణానికి రారన్నాడు. ఇంట్లో మీట నొక్కితే గుమ్మం ముందుకే వస్తాయన్నాడు. జేబులో నోట్లు ఉండవన్నాడు. ఒకసారి బొమ్మ పట్టి దాచినదేదీ ఇక ఎప్పటికీ పోదన్నాడు. బాపు గద్దె మీద నుంచి అంతా విన్నాడు.

"గిరాకి దుకాణంలకే రాకుంటె, ఒకటి కొననొచ్చినోనికి నాలుగెట్ల అంటగట్టాలె సారూ?"

వాళ్ళంతా నవ్వారు. బాపు నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు. అక్కడికక్కడే, వాళ్ళు తాగిన చాయలన్నిటికీ పైసలు అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత వాళ్ళకు ఒక ఆడపిల్ల కావాల్సి వచ్చింది. అక్కకు అప్పుడు పదిహేడేళ్ళు. ఒక అట్టపెట్టెకు వెండిరంగు కాగితం అంటించి, ముందువైపు చదరంగా కోసి, అది మనిషి కనపడే టెలిఫోన్ అన్నారు. అక్క దాని వెనక కూర్చొని కోసిన చోట ముఖం పెట్టాలి. వేరే ఊరు వెళ్ళిన తల్లితో మాట్లాడుతున్నట్టు నటించాలి. మేము అవ్వ అని పిలిచే మా అమ్మను కెమెరా పక్కన పీట మీద కూర్చోబెట్టి, ఆమె వైపు చూసి మాట్లాడమన్నారు.

"అవ్వా, నేను నీకు కనవడుతున్ననా?" అన్నది అక్క.

"అట్లా కాదమ్మా. అమ్మా, నేను నీకు కనిపిస్తున్నానా అని అడుగు," అన్నాడు సఫారీ సూటు.

"మా అవ్వను నేను అమ్మా అంటె, ఎవల్నో పిలుస్తున్ననుకొని ఎన్కకు జూస్తది సారూ."

అవ్వ పీట మీద కూర్చొనే పడీపడీ నవ్వింది. ఆమెను చూసి అక్క కూడా నవ్వింది, ముఖం పెట్టెలోనే ఉంచుకొని. కెమెరా తిరుగుతూనే ఉంది. మళ్ళీ మళ్ళీ తీశారు కానీ చివరికి ఆ నవ్వునే ఉంచుకున్నారు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం సాయంత్రం అది టీవీలో వచ్చింది. మా గల్లీలో వీడియోలు కిరాయికిచ్చే ఆయన, ఏదో సినిమా ఎక్కించిన క్యాసెట్ చివర్లో మిగిలిన చోటులో ఆ అరగంటా ఎక్కించి బాపుకు ఇచ్చాడు. బదులుగా రెండు కిలోల చక్కెర తీసుకున్నాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా వేసి చూపించేవాళ్ళం. తర్వాత చుట్టాలకే విసుగొచ్చింది.

అక్కకు మా దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు సంబంధం కుదిరింది. పెండ్లికి వీడియో దండగని బాపు ఫోటోలతో సరిపెట్టాడు. నేను ఇంటర్ తప్పి, మొయినాబాద్ బస్‌స్టాప్ ఎదురుగా క్యాసెట్ల దుకాణం పెట్టాను. ఇంట్లో ఉన్న ఆ క్యాసెట్‌ను కూడా అక్కడికే తీసుకుపోయి అరలో పెట్టుకున్నాను.

పొద్దున్న వచ్చే మొదటి గిరాకిని ఉత్తచేతులతో పంపితే ఆ రోజంతా దుకాణం లేవదని మా నమ్మకం. బోణీ వేళ లేదు అనే మాట నోట్లోంచి రాకూడదు. ఒక సోమవారం షటర్ ఎత్తీ ఎత్తకముందే ఎంకపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. తమ్ముడి పెండ్లట. వీడియో తీసేవాడు మూడు గంటల ఖాళీ క్యాసెట్ తెచ్చుకోమన్నాడట. నా దగ్గర ఖాళీది ఒక్కటి కూడా లేదు, ఉన్నవన్నీ కిరాయికి తిరిగే సినిమాలు. బోణీ. అరలోంచి మా క్యాసెట్ తీశాను. వెనక్కి తిరిగి నిలబడి, పైన అంటించిన చీటీని గోటితో పీకేశాను. కొత్త క్యాసెట్ ధరకే అమ్మాను. ఆ రోజు గిరాకి చాలా బాగా నడిచింది.

తర్వాత అక్క పుట్టింటికి వచ్చినప్పుడు చెబితే కోపం కూడా చేయలేదు.

"నా సినిమా మీద వాళ్ళ పెండ్లెక్కించుకుంటరా? పోనీ తియ్యిరా, టీవీల మల్ల ఎయ్యరా ఏంది!"

మళ్ళీ వేయలేదు. మరుసటి ఏడాది అక్కకు పచ్చకామెర్లయ్యాయి. అత్తగారింట్లో పసరు పోయించారు, తాయెత్తు కట్టించారు. పట్నం దవాఖానకు తెచ్చేసరికి చేయి దాటిపోయింది. ఇరవై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. పెండ్లి ఫోటోలు మిగిలాయి. అన్నిట్లోనూ తల వంచుకొని ఉంది, ఒక్కదాంట్లో కూడా పెదవి విప్పలేదు.

అది జరిగి ముప్పై ఏళ్ళు. బాపు పోయాడు. నా క్యాసెట్ల దుకాణం సీడీల దుకాణమై, రీచార్జి దుకాణమై, ఇప్పుడు ఫోన్ల కవర్లు, చార్జర్లు అమ్ముతోంది. సఫారీ సూటు ఆయన చెప్పినవన్నీ వచ్చాయి. మొయినాబాద్ ఫాంహౌసుల వాళ్ళు ఉప్పు ప్యాకెట్ కూడా ఫోన్‌లోనే తెప్పించుకుంటారు. అది తెచ్చిచ్చేవాళ్ళు నా దుకాణం ముందు బండి ఆపి, ఏమీ కొనకుండా, దారి మాత్రం నన్నే అడుగుతారు. నోట్లు లేవు, ఫోన్‌తో పైసలు కొట్టే నల్ల గళ్ళ బొమ్మ అట్టముక్క మీద ఉంది. బొమ్మ పట్టి దాచినదేదీ పోదన్న మాట ఒక్కటే తప్పింది. ముందు పోయింది ఆయన కార్యక్రమమే.

మా అమ్మాయి పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ నాయనమ్మకు వీడియో కాల్ చేస్తుంది. అవ్వకు కండ్లలో నీటికాసులు. ఎడమకన్ను అప్పటికే పోయింది. ఫోన్‌ను కుడికన్నుకు బెత్తెడు దూరంలో పెట్టుకొని మాట్లాడుతుంది. ఒకరోజు ఫోన్ పెట్టేశాక నన్ను పిలిచింది.

"గిదే గదరా, అక్క గప్పుడు అట్టడబ్బల కూసొని జూపిచ్చింది?"

"గదే అవ్వా."

"అది అన్న మాట యాదికున్నదిరా. గొంతే యాదికొస్తలేదు. ఎంత తండ్లాడినా వస్తలేదు."

ఆ నెలలోనే డాక్టర్ కుడికన్ను చూసి, చలికాలం దాకా ఉంటే ఎక్కువ అన్నాడు. బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాం. తనకని ఆమె నన్ను ఎన్నడూ ఏదీ అడిగింది లేదు. చీర కూడా నేను తెస్తేనే.

"ఆ క్యాసెట్ ఏడన్న దొరుకుతదేమో జూడరాదు," అన్నది. "కన్ను పోకముందు ఒక్కపారి జూస్త."

ముందు ఆ కార్యక్రమం తీసిన వాళ్ళను వెతికాను. అప్పట్లో టీవీకి ఇట్లాంటివి తీసిచ్చిన చిన్న కంపెనీ అది, ఎప్పుడో మూతపడింది. అందులో పనిచేసిన ఒక ముసలాయన ఫోన్ నంబరు దొరికితే పట్నం వెళ్ళి కలిశాను.

"అవేవీ లేవండి," అన్నాడాయన. "ఆ రోజుల్లో టేపు చాలా ఖరీదు. ఒకదాని మీద ఇంకోటి ఎక్కించేసేవాళ్ళం."

చీటీ పీకి అమ్మినవాణ్ణి, ఆయన్ని ఏమనను? దారిలోనే ఒక మెకానిక్ దగ్గర పాత వీసీఆర్ ఒకటి బాగుచేయించి తెచ్చి, ఇంట్లో టీవీకి తగిలించాను. ఇక మిగిలింది ఎంకపల్లి. వాళ్ళ పెండ్లి మూడు గంటలూ నిండకపోయి ఉంటే, కొసన అక్క మిగిలి ఉండాలి.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నా దగ్గర క్యాసెట్ కొన్నాయన లేడు. ఎవరి పెండ్లి కోసం కొన్నాడో ఆ తమ్ముడు, ఆయన భార్య ఉన్నారు. కొంత పొలం అమ్మి, పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకోబోతున్నారు. పనికిరాని సామానంతా వాకిట్లో కుప్పపోసి ఉంది. ఇంకొకడైతే అక్కడే చేతులు కట్టుకొని, మా అక్క బొమ్మ మీ దగ్గర ఉండిపోయింది తల్లీ అనేవాడు. నేను షావుకారి కొడుకును. అవసరం బయటపెడితే ధర లేస్తుందన్నది నాకు మాటలతో పాటే వచ్చింది.

"పాత క్యాసెట్లు కొంటున్న పటేలా. ఏమన్న ఉన్నయా?"

భార్య లోపలికి వెళ్ళి బీరువాలోంచి తెచ్చింది. రవికెగుడ్డలో చుట్టి దాచుకుంది. చీటీ పీకిన చోట నా గోటి గీత అట్లాగే ఉంది.

"మా పెండ్లిదన్నా. రెండు గంటలుంటది. అటెన్క కొసకు ఎవలో ఒక పొల్ల వస్తది, డబ్బల మొకం వెట్టి నవ్వుతది. మా పిల్లలు సిన్నగున్నప్పుడు పెండ్లి గిండ్లి ఇడిశిపెట్టి దాన్నే మల్ల మల్ల ఏస్కొని జూస్తుండిరి."

నా ముఖం మారలేదు. అందుకు ఆ రోజు సాయంత్రం దాకా నన్ను నేను మెచ్చుకున్నాను.

"గిది జూసినవా చెల్లె, లోపల తెల్లగ బూజు వట్టింది," అన్నాను. తెల్లగా ఉన్నది ఎండ పడి మెరిసిన ప్లాస్టిక్. "టేపంత అంటుకపోయుంటది. మిషన్ల వెడితె మిషనే ఖరాబైతది. అసల్కు గివి ఎవలకు పనికొస్తయి ఇప్పుడు? తూకానికి వోవాలె. యాభై ఇస్త."

"యాభయా?" భర్త గట్టిగా నవ్వాడు. "ఇన్నవా, నిన్ను జేసుకున్నది యాభై రూపాయలంటనే! సేటూ, వెయ్యి వెట్టి తీస్కపో."

"పెండ్లి ఇల్వ నీది పటేలా. నేను డబ్బ ఇల్వ చెప్తున్న."

ఆమె నవ్వలేదు. క్యాసెట్‌ను ఎండకు పట్టి, నేను చూపించిన చోట చూసింది.

ఆయన ఎనిమిది వందల దగ్గర ఆగాడు. నేను మూడు వందల దగ్గర ఆగాను. నా జేబులో ఐదు వేలున్నాయి. క్యాసెట్‌ను పాత పరుపుల కుప్ప మీద పెట్టి, మురికి అంటినట్టు చేతులు దులుపుకొని మెట్టు దిగాను.

"గా ధరకు ఎవలన్న కొంటె అమ్ముకోండ్రి పటేలా. పొయ్యొస్త."

మా బజార్లో ఇట్లా మెట్టు దిగినవాణ్ణి మూడో అడుగు దాటనివ్వరు. వెనక నుంచి కేకేస్తారు, సగం దగ్గర తెగుతుంది. ఆయన పిలవలేదు. భూములున్న ఇల్లు అది. గడప దిగిన షావుకారిని వెనక్కి పిలవడం ఆ ఇండ్లల్లో లేదు. ఇది నాకు తెలియని సంగతి కాదు, ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళవాళ్ళతోనే నా వ్యాపారం. బండి దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాను. హెల్మెట్ పట్టీ రెండుసార్లు బిగించుకున్నాను. తర్వాత వచ్చేశాను.

ఇంటికి వచ్చి అవ్వకు దొరికిందని చెప్పాను.

"నవ్వుడున్నదా దాంట్ల?"

"ఉన్నదంట."

"మరి ఇయ్యాలనే తేకపోతివి?"

"జర ఆగాలె అవ్వా. నేనే ఎన్కకువోతె ఎనిమిది వందలకు ఒక్క రూపాయి దిగడు. వారం రోజులైతె ఆయనే ఖబర్ చేస్తడు."

అవ్వ ఒక షావుకారి భార్యగా యాభై ఏళ్ళు బతికింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. "సరే, నీకెర్కనే గద," అన్నది. ఆ రోజు నుంచి పొద్దున్నే టీవీ ముందు స్టూలు వేసుకొని, ఎంత దగ్గరికి జరిగితే ముఖాలు తెలుస్తాయో చూసుకునేది. అడుగు దూరంలో తెలుస్తున్నాయని తేల్చింది. స్టూలు అక్కడే ఉంచమన్నది. మేము దాన్ని తప్పించుకొని నడిచేవాళ్ళం.

ఖబరు రాలేదు. తొమ్మిదో రోజు నేనే వెళ్ళాను. ఇల్లు లేదు. జేసీబీ పునాది తవ్వుతోంది. వాకిలి ఉన్న చోట నల్లటి బూడిద, అందులో పరుపుల తీగలు. భర్త మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. భార్య నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది.

"ఆ క్యాసెట్ చెల్లె. సరే తియ్యి, ఎనిమిది వందలకే తీస్కుంట," అన్నాను.

"అయ్యో, అది లేదన్నా. పరుపులతోటే కాలవెట్టినం."

"ఎందుకు?"

"ఎందుకంటవేందన్నా? నువ్వే అంటివి గద, బూజు వట్టింది, దేనికి పనికిరాదని. నాకు దాసుకోవాలనే ఉండె. మా ఆయన, కొననొచ్చిన సేటే గట్లన్నంక ఇగ దాన్నేడ మోస్తవే అన్నడు."

అప్పుడు చెప్పాను. కొసకు వచ్చే ఆ పొల్ల మా అక్క అని, ముప్పై ఏళ్ళ కింద చచ్చిపోయిందని, మా అవ్వకు కన్ను పోతోందని. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ ఒక్క మాట గా దినం చెప్పకపోతివి అన్నా! ఊకెనే ఇస్తుంటిమి గద. పైసలు దీస్కుంటుంటిమా?"

నేను తల ఊపి అడిగాను, "ఎట్ల నవ్వుతుండె చెల్లె?"

ఆమె నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. కండ్లు మూసుకుంది కూడా.

"ఏమోనన్నా, ఎట్ల చెప్పాలె? నవ్వుతుండె."

లేచి బూడిద దగ్గరికి వెళ్ళి చెప్పు కొసతో కెలికాను. నల్లగా ముద్దకట్టిన ప్లాస్టిక్ దొరికింది. అది క్యాసెట్టో, బిందె మూతో తెలియలేదు. అక్కడే వదిలేశాను.

అవ్వకు వెంటనే చెప్పలేదు. వాళ్ళు ఊళ్ళో లేరన్నాను. ఆ తర్వాత బీరువా తాళం దొరకడం లేదట అన్నాను. ఇంకోసారి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఉండిపోయిందో. వానాకాలం అంతా స్టూలు టీవీ ముందే ఉంది. దసరా పోయాక ఒక పొద్దున, చాయ గ్లాసు ముందే ఉన్నా, అవ్వ చేత్తో నేలంతా తడుముకుంటోంది. గ్లాసు తీసి చేతికిచ్చి, పక్కన కూర్చొని, జరిగింది జరిగినట్టు చెప్పాను. యాభై అన్న మాట, బూజు అన్న మాట, మెట్టు దిగడం, ఏదీ దాచలేదు.

ఆమె చాయ మొత్తం తాగింది. తిట్టలేదు. తిడుతుందేమోనని చాలాసేపు ఆశగా కూర్చున్నాను.

"ఆ పిల్లలు దాన్నే మల్ల మల్ల జూసిండ్రంటివి గద?"

"అవునవ్వా."

"ఎన్నిసార్లు జూసిండ్రంట?"

నేను ఆ మాట ఎంకపల్లిలో అడగలేదు.

ఇక లెక్క. వీసీఆర్ బాగుచేయించడానికి పద్దెనిమిది వందలు. పట్నానికి ఒకసారి, ఎంకపల్లికి రెండుసార్లు పెట్రోలు ఆరు వందల దాకా. కంటి మందుల ఖర్చు ఇందులో కలపకూడదు, అవి ఎట్లాగూ కొనేవే. క్యాసెట్ మీద పెట్టింది సున్నా. దాని మీద ఎనిమిది వందలు మిగిల్చానని కొన్నాళ్ళు నాలో నేను అనుకున్నాను. అది కూడా తప్పుడు లెక్క. నిజం చెప్పి ఉంటే ఊరికే ఇచ్చేవాళ్ళు, కాబట్టి మిగిలింది ఏమీ లేదు. అరగంట కార్యక్రమంలో అక్క కనిపించేది ఒక నిమిషం కూడా కాదు, కాబట్టి అరగంట పోయిందని రాసుకోను, పోయింది ఆ నిమిషం. అవ్వ కన్ను నా వల్ల పోలేదు, అది నా పద్దులో రాదు. నా పద్దులో వచ్చేవి నేను ధర దిగడం కోసం ఆగిన తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఆమెకు అడుగు దూరంలో ముఖాలు కనిపించాయి.